కొత్తగా వచ్చే టెక్నాలజీ థీమ్ ఫండ్లు: డబ్బు పెట్టే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఐ, డిజిటల్, ఇంటర్నెట్, ఇన్నోవేషన్... ఇలాంటి ఏదో ఒక మాట పేరులో పెట్టుకుని మన మ్యూచువల్ ఫండ్ కంపెనీలు కొత్త పథకాలు తెస్తూనే ఉన్నాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల కింద మన దేశంలో వచ్చే ఈ ఎన్‌ఎఫ్‌ఓలను (కొత్త పథకాల తొలి అమ్మకాలను) ఎలా తూకం వేసుకోవాలో కింది జవాబుల్లో చూడండి. ఉదాహరణల్లోని రాబడులు, వాటాలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. అవి ఏ ఫండ్‌వీ కావు.

ఎన్‌ఎఫ్‌ఓలో యూనిట్ 10 రూపాయలకే వస్తోంది. 200 రూపాయల ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) ఉన్న పాత ఫండ్ కంటే చవకే కదా?

కాదు. ఎన్‌ఎఫ్‌ఓలు బాగా అమ్ముడుపోయేది ఈ అపోహ మీదే కాబట్టి, లెక్క వేసే చూద్దాం.

కొత్త ఫండ్‌లో లక్ష రూపాయలు పెట్టారు. 0.005 శాతం స్టాంపు డ్యూటీ కింద 5 రూపాయలు పోగా 9,999.5 యూనిట్లు వస్తాయి. అదే లక్ష పాత ఫండ్‌లో పెడితే 500కు కాస్త తక్కువ యూనిట్లు వస్తాయి. రెండు ఫండ్‌లూ అవే షేర్లు అదే పాళ్లలో కొన్నాయి, ఆ షేర్లు 12 శాతం పెరిగాయి అనుకోండి. 10 రూపాయలు 11.20 అవుతుంది, 200 రూపాయలు 224 అవుతుంది. రెండుచోట్లా మీ లక్ష దాదాపు 1,12,000 అయింది. ఎక్కువ యూనిట్లు చేతికొచ్చాయన్న సంతోషం తప్ప అదనంగా ఒరిగిందేమీ లేదు.

ఈ తికమకకు మూలం ఐపీఓ, అంటే కంపెనీ షేర్ల తొలి అమ్మకం. ఐపీఓలో షేర్లు పరిమితంగా ఉంటాయి, గిరాకీ ఉంటే లిస్టింగ్ రోజున ధర ఎగురుతుంది. ఎన్‌ఎఫ్‌ఓలో ఎంత డబ్బు వస్తే అన్ని యూనిట్లు పుట్టిస్తారు, కాబట్టి లిస్టింగ్ లాభం అన్న మాటకే ఇక్కడ చోటు లేదు. ఎన్‌ఏవీ 10 దగ్గర ఉందంటే ఆ డబ్బు ఇంకా షేర్లలోకి వెళ్లలేదని అర్థం. వెళ్లాక కొనేది మాత్రం ఆనాటి మార్కెట్ ధరకే. చవకా ఖరీదా అన్నది తేల్చేది ఆ ధర.

టెక్ థీమ్ ఫండ్‌లే ఇన్ని ఎందుకు పుట్టుకొస్తున్నాయి?

రెండు కారణాలు. మొదటిది నిబంధన. సెబీ 2017 అక్టోబరులో మ్యూచువల్ ఫండ్ పథకాలను వర్గాలుగా విడగొట్టి, ఒక్కో ఫండ్ కంపెనీ ఒక్కో వర్గంలో ఒక్క పథకమే నడపాలని చెప్పింది. పెద్ద కంపెనీల లార్జ్‌క్యాప్ ఒకటి, మధ్యస్థాయి వాటి మిడ్‌క్యాప్ ఒకటి, అన్నిట్లోనూ పెట్టగల ఫ్లెక్సీక్యాప్ ఒకటి. ఈ కట్టడి నుంచి మినహాయింపు దొరికిన వాటిలో ఒకే రంగంలో లేదా థీమ్‌లో పెట్టే సెక్టోరల్, థీమాటిక్ ఫండ్‌లు, సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లు, షేర్లలా ఎక్స్ఛేంజీలో అమ్ముడయ్యే ఈటీఎఫ్‌లు, వేరే ఫండ్‌లను కొనే ఫండ్ ఆఫ్ ఫండ్స్ ఉన్నాయి. మిగతా తలుపులన్నీ ఒక్కసారి తెరిచాక మూసుకుపోతే, కొత్త డబ్బు తేవడానికి మిగిలేది థీమ్‌ల తలుపే.

రెండోది గిరాకీ. ఒక రంగం షేర్లు ఏడాది రెండేళ్లు బాగా పెరిగాకే జనం దాని గురించి అడుగుతారు, అప్పుడే ఫండ్ తెస్తే అమ్ముడుపోతుంది. మన దగ్గర టెక్ ఫండ్‌ల తొలి వరస వచ్చింది 1998-2000 మధ్య. అమెరికాలో నాస్‌డాక్ కాంపోజిట్ సూచీ 2000 మార్చి 10న 5,048 దగ్గర శిఖరానికి చేరి, 2002 అక్టోబరు నాటికి 78 శాతం దాకా పోగొట్టుకుంది. తిరిగి ఆ స్థాయిని దాటింది 2015లో. నిఫ్టీ ఐటీ సూచీ 2021లో సుమారు 60 శాతం పెరిగింది, ఆ మరుసటి ఏడాది పావు వంతు పడింది. అమెరికాలో థీమ్ ఈటీఎఫ్‌ల మీద జరిగిన ఒక పరిశోధన అయితే, ప్రారంభమైన తర్వాతి సంవత్సరాల్లో అవి రిస్కును లెక్కలోకి తీసుకుంటే ఏటా సుమారు 6 శాతం చొప్పున వెనకబడ్డాయని తేల్చింది. థీమ్ తప్పు అయినందువల్ల కాదు, ధర అప్పటికే ఎక్కి కూర్చోవడం వల్ల.

పేరులో ఏఐ అనో డిజిటల్ అనో ఉంది. లోపల నిజంగా ఏముంటుంది?

థీమాటిక్ ఫండ్ తన సొమ్ములో కనీసం 80 శాతం ఆ థీమ్ షేర్లలో పెట్టాలి. అయితే ఏది థీమ్ కిందికి వస్తుందో నిర్వచించుకునేది ఫండ్ కంపెనీయే. పేరు గొప్ప ఊరు దిబ్బ అయ్యేది ఇక్కడే. పథకం పత్రంలో ‘టెక్నాలజీ లేదా టెక్నాలజీ ఆధారిత కంపెనీలు’ అన్న వాక్యం కనిపిస్తే జాగ్రత్త పడండి. మొబైల్ యాప్ ఉన్న ప్రతి బ్యాంకూ ఆ నిర్వచనంలో ఇమిడిపోతుంది.

మన మార్కెట్లో టెక్ అనే గంపలో ప్రధానంగా మూడు రకాలున్నాయి. ఐటీ సేవలవి ఒకటి: టీసీఎస్, ఇన్ఫోసిస్, హెచ్‌సీఎల్ టెక్ లాంటివి. వీటి ఆదాయం డాలర్లలో, ఖాతాదారులు ఎక్కువగా అమెరికాలో. రెండో రకం ఇంటర్నెట్ వేదికలు: ఫుడ్ డెలివరీ, బీమా, ఉద్యోగాల పోర్టళ్లు, చెల్లింపులు. వీటి ఖాతాదారులు దేశంలోనే, లాభాలు కొన్నింటికి ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. మూడోది టెలికాం, ఎలక్ట్రానిక్స్ తయారీ, డేటా సెంటర్లు. ఈ మూడింటి నడకా ఒకేలా ఉండదు. ఏఐ చిప్‌లు, పెద్ద భాషా నమూనాలు తయారుచేసే కంపెనీల షేర్లు కొనాలనుకుని దేశీయ ఫండ్ తీసుకుంటే, చేతికొచ్చేది చాలావరకు మొదటి రకమే.

బెంచ్‌మార్క్ (ఫండ్ తన రాబడిని పోల్చుకునే సూచీ) పేరు చూస్తే సగం గుట్టు తెలిసిపోతుంది. నిఫ్టీ ఐటీ అంటే పదే షేర్లు, వాటిలో ఇన్ఫోసిస్, టీసీఎస్ రెండే సగం దరిదాపుల్లో ఉంటాయి. బీఎస్ఈ టెక్ సూచీ అయితే ఐటీతో పాటు టెలికాం, మీడియాను కూడా కలుపుకుంటుంది. అందుకే టెక్నాలజీ ఫండ్ అని కొన్నవాళ్లు లోపల భారతీ ఎయిర్‌టెల్ చూసి ఆశ్చర్యపోతుంటారు.

ఏ కాగితం చదవాలి? అందులో ఏ పేజీ?

బ్రోచర్ పక్కన పెట్టండి. చదవాల్సింది స్కీమ్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్. అది ఫండ్ కంపెనీ సైట్లోనూ, సెబీ సైట్లోనూ ఉచితంగా దొరుకుతుంది. వంద పేజీలు దాటినా, ఈ అయిదు చోట్లు చూస్తే చాలు, అరగంట పని:

1. అసెట్ అలొకేషన్ పట్టిక. థీమ్ షేర్లకు 80-100 శాతం, ఇతర షేర్లకు 0-20 శాతం, విదేశీ షేర్లకు ఎంత వరకు అన్నది ఇక్కడ ఉంటుంది. విదేశీ వాటా గరిష్ఠం 35 శాతం అని ఉంటే అది యాదృచ్ఛికం కాదు. దేశీయ షేర్లు 65 శాతం ఉంటేనే ఈక్విటీ ఫండ్ పన్ను వర్తిస్తుంది.
2. థీమ్ నిర్వచనం. ఏ పరిశ్రమలు వస్తాయో జాబితా ఇచ్చారా, ‘మొదలైనవి’ అని వదిలేశారా చూడండి.
3. బెంచ్‌మార్క్. పేరు చివర టీఆర్ఐ, అంటే డివిడెండ్లు కలిపిన రాబడి, ఉండాలి.
4. ఫండ్ మేనేజర్ ఇంకా ఎన్ని పథకాలు చూస్తున్నారు, వాటిలో ఇదే రంగం పథకం ఉందా అన్నది. పన్నెండు పథకాలు చూసే మేనేజర్‌కు ఇది పదమూడోది అయితే అది మీకు ముఖ్యమైన సమాచారమే.
5. ఎగ్జిట్ లోడ్, అంటే గడువులోపు అమ్మితే కోసుకునే రుసుము. గడువు నెల రోజుల నుంచి ఏడాది వరకు, రుసుము 1 శాతం అన్నది తరచుగా కనిపించేది.

గత పదేళ్లలో ఈ సూచీ మార్కెట్ కంటే ఎంతో ఎక్కువ ఇచ్చిందని గ్రాఫ్ వేశారు. నమ్మవచ్చా?

ఆ గ్రాఫ్‌లోని అంకెలు అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ పదేళ్లూ ఆ సూచీ ఉనికిలో ఉందా అన్నది అడగాలి.

సూచీ కంపెనీలు ప్రతి సూచీకీ ఒక ఫ్యాక్ట్‌షీట్ ప్రచురిస్తాయి. అందులో బేస్ డేట్, లాంచ్ డేట్ అని రెండు తేదీలుంటాయి. లెక్క మొదలుపెట్టింది బేస్ డేట్ నుంచి, సూచీని నిజంగా విడుదల చేసింది లాంచ్ డేట్‌న. ఈ రెండింటి మధ్య కాలమంతా వెనక్కి తిరిగి వేసిన లెక్క. ఎవరు గెలిచారో తెలిశాక నియమాలు రాసుకుంటే గ్రాఫ్ అందంగానే వస్తుంది. థీమ్ సూచీల్లో ఈ రెండు తేదీల ఎడం పదిహేనేళ్లు దాటి ఉండటం మామూలే. లాంచ్ డేట్ దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, దాని కుడివైపు మిగిలిన ముక్కను మాత్రమే నిఫ్టీ 500 టీఆర్ఐ పక్కన పెట్టి చూడండి. చాలాసార్లు ఆ ముక్క చాలా చిన్నది.

ఇంకో చిట్కా ఉంది. గ్రాఫ్ ఏ తేదీన మొదలైందో చూడండి. 2020 మార్చి చివర మొదలైతే, కోవిడ్ పతనపు అడుగు నుంచి కొలిచారన్నమాట. అక్కడి నుంచి ఏ సూచీ అయినా కొండెక్కినట్టే కనిపిస్తుంది.

నా దగ్గర ఇప్పటికే ఫ్లెక్సీక్యాప్, నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ ఉన్నాయి. మళ్లీ టెక్ ఫండ్ అవసరమా?

ముందు మీ దగ్గర టెక్ ఇప్పటికే ఎంత ఉందో లెక్క కట్టండి. ఫ్లెక్సీక్యాప్‌లో 6 లక్షలున్నాయి, దాని నెలవారీ పోర్ట్‌ఫోలియోలో ఐటీ 10 శాతం అనుకుందాం: 60,000. నిఫ్టీ ఫండ్‌లో 4 లక్షలు, ఐటీ 12 శాతం: 48,000. మొత్తం 10 లక్షల్లో 1,08,000, అంటే 10.8 శాతం టెక్ ముందే ఉంది.

ఇప్పుడు లక్ష పెట్టి కొత్త ఫండ్ కొన్నారు, అది 95 శాతం టెక్. మొత్తం 11 లక్షల్లో టెక్ 2,03,000 అయింది, అంటే 18.5 శాతం. ‘పదకొండో వంతే కదా పెట్టాను’ అనుకుంటే, నిజానికి అయిదో వంతుకు దగ్గరగా ఒకే రంగంలో ఇరుక్కున్నారు. మీ జీతం కూడా ఐటీ కంపెనీ నుంచే వస్తుంటే, చేతిలో ఆ కంపెనీ ఉద్యోగులకిచ్చే ఈసాప్ షేర్లు కూడా ఉంటే, అవి కూడా ఈ లెక్కలోకి రావాలి. రంగం పడిపోయిన ఏడాదే ఉద్యోగానికీ గండం వస్తుంది, ఫండ్‌కూ వస్తుంది.

రెండు ఫండ్‌ల మధ్య షేర్ల పోలిక కొలవాలంటే, రెండింటిలోనూ ఉన్న ప్రతి షేరుకు రెండు వాటాల్లో చిన్నదాన్ని తీసుకుని కూడండి. పాత ఫండ్‌లో నాలుగు కంపెనీలు 9, 6, 4, 3 శాతం, కొత్తదాంట్లో అవే 22, 18, 5, 1 శాతం ఉంటే: 9+6+4+1, మొత్తం 20 శాతం. పాత ఫండ్ కూడా టెక్నాలజీదే అయి, ఈ అంకె 60 దాటితే, కొత్తదాన్ని వేరే పేరుతో వచ్చిన పాత ఫండ్‌గానే చూడండి.

ఎన్‌ఎఫ్‌ఓ గడువు రెండు రోజుల్లో ముగుస్తోంది. ఇప్పుడు చేరకపోతే అవకాశం పోతుందా?

పోదు. ఇవి ఓపెన్ ఎండెడ్ పథకాలు. ఎన్‌ఎఫ్‌ఓ 15 రోజులకు మించి తెరిచి ఉండకూడదు. ముగిశాక అయిదు పనిదినాల్లో యూనిట్లు కేటాయించాలి, ఆ తర్వాత మరో అయిదు పనిదినాల్లో మామూలు కొనుగోళ్లకు తెరవాలి. ఆపైన ఏ రోజైనా ఆనాటి ఎన్‌ఏవీకి కొనుక్కోవచ్చు. ‘చివరి అవకాశం’ అని వచ్చే మెసేజ్‌ను తాపీగా చదవండి.

మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఆరు నెలలు ఆగడానికి మీకయ్యే ఖర్చు సున్నా, దొరికే సమాచారం మాత్రం బోలెడు. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఎన్‌ఎఫ్‌ఓలో సేకరించిన డబ్బును కేటాయింపు తేదీ నుంచి 30 పనిదినాల్లో పెట్టుబడిగా మార్చాలన్నది నిబంధన. తగిన కారణం ఉంటే కంపెనీలోని పెట్టుబడి కమిటీ మరో 30 పనిదినాలు ఇవ్వవచ్చు. అప్పటికీ పెట్టలేకపోతే, కొత్త డబ్బు తీసుకోవడం ఆపాలి, వెళ్లిపోయేవాళ్ల దగ్గర ఎగ్జిట్ లోడ్ తీసుకోకూడదు. పైగా ప్రతి పథకమూ నెల ముగిసిన పది రోజుల్లో పూర్తి పోర్ట్‌ఫోలియో బయటపెట్టాలి. అంటే నాలుగైదు నెలలు గడిచేసరికి, పత్రంలో రాసిన మాటలు కాకుండా నిజంగా కొన్న షేర్ల జాబితాలు మీ ముందుంటాయి.

ఆ జాబితాల్లో చూడాల్సినవి: ఎన్ని షేర్లు, మొదటి పదింటి వాటా ఎంత, నగదు ఎంత మిగిలింది, బెంచ్‌మార్క్ కంటే ఎక్కడ తేడాగా పెట్టారు. బెంచ్‌మార్క్‌లో ఉన్నవే దాదాపు అదే పాళ్లలో ఉంటే, మేనేజర్ షేర్లు ఎంచుకునే యాక్టివ్ ఫండ్ రుసుము ఇచ్చి ఇండెక్స్ ఫండ్ కొంటున్నట్టే. ఆరు నెలల రాబడిని మాత్రం పట్టించుకోకండి. అంత తక్కువ కాలంలో వచ్చే లాభనష్టాలు గాలివాటమే.

యాక్టివ్ ఫండా, ఇండెక్స్ ఫండా, ఈటీఎఫా?

యాక్టివ్ ఈక్విటీ ఫండ్‌లో మామూలుగా ఒక కంపెనీకి 10 శాతం మించి పెట్టకూడదు. సెక్టోరల్, థీమాటిక్ ఫండ్‌లకు మాత్రం బెంచ్‌మార్క్‌లో ఆ షేరు వాటా అంతకంటే ఎక్కువుంటే అంతవరకూ వెళ్లే వీలుంది. అందుకే ఒకే షేరు 20 శాతం దాటి కనిపించినా అది నిబంధనల ఉల్లంఘన కాదు. థీమ్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్, ఈటీఎఫ్‌లకు సెబీ వేరే గీత గీసింది: సూచీలో కనీసం 10 షేర్లుండాలి, ఏ ఒక్కటీ 35 శాతం మించకూడదు, మొదటి మూడూ కలిపి 65 శాతం దాటకూడదు. ఆ గీతలోపల కూడా మూడు షేర్ల మీదే మీ డబ్బు ఆధారపడి ఉండవచ్చని గమనించండి.

ఈటీఎఫ్‌కు ఖర్చు తక్కువే కానీ కొనడంలో చిక్కుంది. ఎక్స్ఛేంజీలో పలికే ధర, లోపలి షేర్ల విలువ ఒకటి కాకపోవచ్చు. ఫండ్ కంపెనీ సైట్లో ఐఎన్ఏవీ అని ఆ లోపలి విలువను చూపుతూ రోజంతా మారే అంకెను చూసి, దానికి దగ్గరగా మీరే ధర చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టండి, ఎంత పలికితే అంతకు కొనే మార్కెట్ ఆర్డర్ వద్దు. కొత్త ఈటీఎఫ్‌లలో రోజువారీ లావాదేవీలు పలచగా ఉంటాయి, ఉదయం తొలి పావుగంటలో ఒకటి రెండు శాతం ఎక్కువకు కొనేసినవాళ్లు చాలామంది. ఫండ్ కంపెనీ దగ్గరే నేరుగా కొందామంటే కనీసం 25 కోట్ల రూపాయల లావాదేవీ కావాలి. ఆ దారి మనబోటి వాళ్లకు కాదు.

అమెరికా టెక్ కంపెనీల్లో పెట్టే ఫండ్ వచ్చింది. అదే అసలైన టెక్ కదా?

కంపెనీల మాట వరకు నిజమే. చిక్కంతా తలుపు దగ్గర ఉంది. మన మ్యూచువల్ ఫండ్‌లన్నీ కలిపి విదేశీ షేర్లలో 700 కోట్ల డాలర్లు, విదేశీ ఈటీఎఫ్‌లలో విడిగా 100 కోట్ల డాలర్లు మించకూడదన్న పరిమితి ఉంది. మొదటిది నిండబోతుండగా 2022 ఫిబ్రవరిలో కొత్త పెట్టుబడులు ఆపేశారు. ఆ జూన్‌లో పాత స్థాయి దాటకుండా మళ్లీ అనుమతించారు. 2024 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టే ఫండ్‌లకూ తలుపు పడింది. జనం డబ్బు వెనక్కి తీసుకుని కొంత ఖాళీ ఏర్పడినప్పుడు కొన్ని ఫండ్‌లు తెరుచుకుంటాయి, మళ్లీ మూసుకుంటాయి. మీ సిప్ (నెలనెలా పెట్టే వాయిదా) మధ్యలో ఆగిపోవచ్చు. కొత్త యూనిట్లు పుట్టించలేనప్పుడు విదేశీ సూచీల ఈటీఎఫ్‌లు ఎక్స్ఛేంజీలో అసలు విలువ కంటే బాగా ఎక్కువకు అమ్ముడవుతాయి. అలా కొన్నవాళ్లకు, పరిమితి సడలిన రోజున సూచీ పడకపోయినా నష్టమే.

ఇవి ఎక్కువగా ఫండ్ ఆఫ్ ఫండ్స్ రూపంలో వస్తాయి కాబట్టి ఖర్చు రెండు పొరలు: ఇక్కడి ఫండ్‌ది ఒకటి, అది కొనే విదేశీ ఫండ్‌ది ఒకటి. ప్రకటనలో కనిపించేది పై పొర అంకె. అడుగు పొర అంకెను వెతికి కలుపుకోండి.

ఖర్చు నిష్పత్తిలో (ఫండ్ ఏటా కోసుకునే శాతంలో) ఒక శాతం తేడా అంత ముఖ్యమా?

లక్ష రూపాయలు, పదేళ్లు, ఖర్చుకు ముందు ఏటా 12 శాతం రాబడి అనుకోండి. కంపెనీ దగ్గర నేరుగా కొనే, 0.8 శాతం ఖర్చున్న డైరెక్ట్ ప్లాన్‌లో అది సుమారు 2,89,000 అవుతుంది. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ కలిపి 2.1 శాతం తీసుకునే రెగ్యులర్ ప్లాన్‌లో సుమారు 2,57,000. తేడా 32,000, పెట్టిన సొమ్ములో మూడో వంతు.

కొత్త ఫండ్‌కు ఇంకో సంగతి ఉంది. ఖర్చు పరిమితులు శ్లాబుల్లో ఉంటాయి. ఫండ్ చిన్నదిగా ఉన్నప్పుడు ఎక్కువ శాతం తీసుకోవచ్చు, పెద్దదయ్యే కొద్దీ తగ్గాలి. ఎన్‌ఎఫ్‌ఓలో అనుకున్నంత డబ్బు రాని ఫండ్ చాలాకాలం పై శ్లాబులోనే ఉండిపోతుంది. కొన్ని ఫండ్ కంపెనీలు మొదట్లో డైరెక్ట్ ప్లాన్ ఖర్చు తక్కువ పెట్టి, తర్వాత పెంచుతాయి. పెంచినప్పుడు మెయిల్ పంపుతారు, దాన్ని చదవకుండా తీసేయకండి.

పాత ఫండ్ అమ్మి ఈ ఎన్‌ఎఫ్‌ఓలోకి మారమని మా డిస్ట్రిబ్యూటర్ అంటున్నారు. ఏం చేయాలి?

స్విచ్ అన్నా అది అమ్మకమే, పన్ను పడుతుంది. మీ పాత ఫండ్ విలువ 5 లక్షలు, పెట్టింది 3 లక్షలు, మూడేళ్లయింది, ఈ ఏడాది ఇంకే లాభాలూ లేవు అనుకుందాం. లాభం 2 లక్షల్లో 1.25 లక్షలకు పన్ను లేదు. మిగతా 75,000 మీద 12.5 శాతం, దానిపై 4 శాతం సెస్: మొత్తం 9,750. కొత్త ఫండ్ దాదాపు 2 శాతం సంపాదిస్తేనే మీరు ఇప్పుడున్న చోటికి చేరతారు. కొత్త ఎగ్జిట్ లోడ్ గడియారం కూడా సున్నా నుంచి మొదలవుతుంది.

అదే ఫండ్ కంపెనీలో పాత పథకం నుంచి కొత్తదానికి మార్పిస్తే, రెండింటి కమీషన్లలో తక్కువదే డిస్ట్రిబ్యూటర్‌కు ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది. వేరే కంపెనీకి మార్పిస్తే ఈ కట్టడి వర్తించదు. మిమ్మల్ని ఎటు మారమంటున్నారో చూస్తే కొంత అర్థమవుతుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘పాతదాంట్లో లేనిది ఇందులో ఏముంది? షేర్ల పేర్లతో చెప్పండి.’

పన్ను ఎలా ఉంటుంది?

దేశీయ షేర్లు 65 శాతం పైగా ఉన్న ఫండ్‌కు 2024 జులై 23 నుంచి ఇదీ లెక్క: 12 నెలల్లోపు అమ్మితే లాభంపై 20 శాతం, ఆ తర్వాత అమ్మితే ఏడాదికి 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం. సెస్ అదనం. విదేశాల్లో పెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్స్ అయితే 24 నెలలు దాటాకే 12.5 శాతం, దానికి 1.25 లక్షల మినహాయింపు లేదు. ఆలోపు అమ్మితే మీ ఆదాయ శ్లాబు ప్రకారం కట్టాలి. సిప్‌లో ఒక్కో వాయిదాకూ వేరే గడువు నడుస్తుంది, అమ్మేటప్పుడు మొదట కొన్న యూనిట్లు మొదట పోతాయి.

ఐటీ షేర్లు దేన్ని బట్టి పెరుగుతాయి, పడతాయి? నేను ఏం గమనిస్తూ ఉండాలి?

ఐటీ సేవల కంపెనీలకు వార్తల్లోని కొత్త ఆవిష్కరణల కంటే అమెరికా ఖాతాదారుల బడ్జెట్ ముఖ్యం. ముఖ్యంగా అక్కడి బ్యాంకులు, బీమా సంస్థలు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు రెండో వారంలో ఫలితాలు మొదలవుతాయి. వాటిలో రూపాయల్లో ఆదాయ వృద్ధిని కాకుండా, స్థిర కరెన్సీలో, అంటే మారకపు రేటు మారలేదనుకుని లెక్కించిన, వృద్ధిని చూడండి. రూపాయి బలహీనపడితే ఆదాయం దానంతటదే ఉబ్బినట్టు కనిపిస్తుంది. కొత్త ఒప్పందాల మొత్తం విలువ, ఆపరేటింగ్ మార్జిన్, ఉద్యోగుల వలసల రేటు ఆ తర్వాతివి.

ఏఐ ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తి. కొత్త పనులు తెస్తుంది. అదే సమయంలో, ఇంతమంది మనుషులు ఇన్ని గంటలు అని బిల్లు వేసే పద్ధతి మీద నడిచే కంపెనీలకు ఆ గంటలనే తగ్గిస్తుంది. పాలసీ దెబ్బలు చెప్పాపెట్టకుండా వస్తాయి: 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది అలాగే.

ఇంటర్నెట్ వేదికల కథ వేరు. 2021 జులైలో 76 రూపాయల ఇష్యూ ధరతో వచ్చిన జొమాటో, ఏడాది తిరిగేసరికి 50 దిగువకు పడింది. ఆ తర్వాత ఇష్యూ ధరకు మూడు రెట్లు దాటి వెళ్లింది. కంపెనీ అదే, థీమ్ అదే. మధ్యలో అమ్మేసినవాడికీ, ఆగినవాడికీ వచ్చిన ఫలితాల్లో మాత్రం పొంతన లేదు.

ఎంత పెట్టవచ్చు?

పైన చెప్పిన పద్ధతిలో అన్ని ఫండ్‌ల లోపలా చూసి కూడిన టెక్ వాటా 15-20 శాతం దాటకుండా, ఈ ఒక్క ఫండ్ మొత్తం ఈక్విటీలో 5 శాతం దాటకుండా చూసుకోమంటాం. ఇది చట్టం కాదు, మా తూకం. అమెరికాలో పేరుమోసిన ఆర్క్ ఇన్నోవేషన్ ఈటీఎఫ్ 2020లో సుమారు 150 శాతం పెరిగి, 2022 ఒక్క ఏడాదిలోనే 67 శాతం దాకా పడింది. లక్ష 33,000 అయితే, మళ్లీ లక్ష కావడానికి మూడు రెట్లు పెరగాలి. ఆ పతనం మీ 5 శాతంలో జరిగితే మొత్తం ఈక్విటీలో 3.4 శాతం పోతుంది, నిద్ర పోదు. 30 శాతంలో జరిగితే అయిదో వంతు పోతుంది.

సిప్ పెడితే రిస్క్ తగ్గదా?

ఒకే రోజు శిఖరం మీద కొనే ప్రమాదం తగ్గుతుంది. ఒకే రంగంలో ఉండే ప్రమాదం అలాగే ఉంటుంది.

రిస్కోమీటర్ ‘చాలా ఎక్కువ’ అని చూపిస్తోంది. ఆందోళన పడాలా?

మామూలు ఈక్విటీ ఫండ్‌లు కూడా చాలావరకు అదే గడిలో ఉంటాయి. కాబట్టి టెక్ ఫండ్‌నూ ఫ్లెక్సీక్యాప్‌నూ పోల్చడానికి ఆ సూది పనికిరాదు.

ఎప్పుడు బయటపడాలి?

కొనే రోజే రాసిపెట్టుకోండి: ఎందుకు కొన్నాను, ఏం జరిగితే అమ్ముతాను. రాయడానికి పనికొచ్చేవి మూడు. టెక్ వాటా మీరు పెట్టుకున్న గీత దాటితే, దాటిన మేరకు అమ్మడం. మూడేళ్ల తర్వాత కూడా, ఖర్చులు పోగా, బెంచ్‌మార్క్ టీఆర్ఐ కంటే వెనకే ఉంటే మానేయడం. పోర్ట్‌ఫోలియో థీమ్ వదిలి పక్కదారి పడితే వెంటనే వెళ్లిపోవడం. ధర పడిందన్న ఒక్క కారణంతో అమ్మేస్తారనిపిస్తే, అసలు కొనకపోవడమే మేలు.

ఫండ్ వేరే పథకంలో కలిసిపోయినా, థీమ్ మార్చినా నా డబ్బు ఏమవుతుంది?

డబ్బు పోదు. విలీనమైనా, మౌలిక లక్షణాలు మారినా ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, ఎగ్జిట్ లోడ్ లేకుండా వెళ్లిపోవడానికి కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. ఆ మెయిల్ మీ ఫోలియోలో (ఫండ్ ఖాతాలో) ఉన్న చిరునామాకే వస్తుంది. ఎప్పుడో వదిలేసిన ఆఫీసు మెయిల్ ఐడీ ఇచ్చి ఉంటే, గడువు ముగిశాకే సంగతి తెలుస్తుంది. ఫోలియో స్టేట్‌మెంట్ తీసి మెయిల్, ఫోన్ నంబరు, నామినీ పేరు ఇవాళే సరిచూసుకోండి.